ధ్యానము – గృహస్థధర్మము

ధ్యానమను మాట యిప్పుడు వినబడని చోటు లేదు. 2024వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, ఏటేట డిసెంబరు 21వ తేదీని ప్రపంచ ధ్యాన దినముగ పాటింపవలెనని తీర్మానించినది. అంతకుముందే, 2015నుండి, జూన్ 21వ తేదీ అంతర్జాతీయ యోగ దినముగ జరుపబడుచున్నది. ఒకప్పుడు కొండగుహలకును, మఠములకును, నదీతీరములకును చెందినదని మనము తలచిన సాధన నేడు పాఠశాలలకును, ఆసుపత్రులకును, కర్మాగారములకును వచ్చి చేరినది. చేతిలోని సెల్‌ఫోను సైతము కన్నులు మూసికొని శ్వాసను గమనింపుమని ఆదేశించుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. ఐనను ఏడాదికొక దినము పండుగ జరుపుట వేఱు, దినదినము ఒక నియమమును నిలుపుకొనుట వేఱు. మామిడి తోరణము కట్టుట ఒక్క ఉదయపు పని. మామిడిచెట్టును పెంచుట ఏండ్ల పని. ఈ సంగతి కృష్ణగిరివారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు.

సంసారులగు మనవంటివారు ధ్యానమును దినచర్యలో ఎట్లు చేర్చుకొనగలరు? ఇది మొదటి ప్రశ్న. దీనినిగూర్చి ఉపదేశించువారు పెక్కుమంది కలరు. దీని వెనుక మఱియొక ప్రశ్న కలదు. దానినిగూర్చి మాటాడువారు తక్కువ. ఇంటిలో ఒకరు కన్నులు మూసికొని కూర్చున్నపుడు, ఆ సమయమున జరుగవలసిన పని ఎవరు చేయుచున్నారు? ధ్యానమునకు నిశ్శబ్దము కావలెను. ఆ నిశ్శబ్దమునకు వెల చెల్లించువారెవరు? ఈ రెండవ ప్రశ్నను తేల్చుకొనిననే గాని మొదటిదానికి సరియైన సమాధానము దొరకదని నా యభిప్రాయము.

ముందుగ ధ్యానమననేమో చూతము. పతంజలి యోగసూత్రములందు యోగమునకు ఎనిమిది అంగములు చెప్పబడినవి. యమము, నియమము, ఆసనము, ప్రాణాయామము, ప్రత్యాహారము, ధారణ, ధ్యానము, సమాధి అని వాని వరుస. ఒక విషయమునందు మనస్సును నిలుపుట ధారణ. అట్లు నిలుపబడిన యెఱుక తెగక సాగుట ధ్యానము. శ్రీ రామానుజాచార్యులవారు శ్రీభాష్యమునందు దీనిని తైలధారతో పోల్చిరి. నీరు పోసినపుడు చిందును, చప్పుడు చేయును. నూనె పోసినపుడు ఒకే తీగవలె సాగును. సాయంకాలము దీపపు కుందిలో నూనె పోయు ఇల్లాలికి ఈ యుపమానము బోధపడుటకు భాష్యము చదువ నక్కఱలేదు.

మనస్సును చంపుటయే ధ్యానమని కొందఱు భయపడుదురు. కన్నులు మూసికొనగానే నూఱు తలంపులు పైబడుటచేత, ఇది మన చేతగాదని మఱికొందఱు విడిచిపెట్టుదురు. ఈ రెండును పొరపాటు తలంపులే. మన జిల్లాలో ప్రవహించు దక్షిణ పినాకినికి హోసూరు చెంత కెలవరపల్లివద్దను, దిగువ కృష్ణగిరివద్దను ఆనకట్టలు కలవు. ఆనకట్ట నదిని ఎండగట్టదు. వచ్చిన నీటిని నిలిపి, కావలసినపుడు కాలువలకు విడుచును. మనస్సునకు ధ్యానము చేయు నుపకారమును అట్టిదే. తలంపులు వచ్చుట నేరము కాదు. వచ్చినవని తెలిసికొని, మరల మొదటి చోటికి తిరిగి వచ్చుటయే సాధన. గాలిని పట్టుట యెంత కష్టమో మనస్సును పట్టుట యంత కష్టమని భగవద్గీత ఆఱవ యధ్యాయమున అర్జునుడే మొఱపెట్టుకొనెను. శ్రీకృష్ణుడు ఆ మాటను కాదనలేదు. కష్టమే యని యొప్పుకొని, అభ్యాసముచేతను వైరాగ్యముచేతను సాధ్యమగునని చెప్పెను. అర్జునునికే కష్టమైనది మనకు మొదటి దినముననే సులభము కాలేదని చింతింప నక్కఱలేదు.

ఆ యెనిమిది అంగములలో ధ్యానము ఏడవది. నేడు చాలచోట్ల ఏడవ మెట్టునే విడదీసి చూపుచున్నారు. దానిక్రింది ఆఱు మెట్ల మాట వినబడుట లేదు. మొదటిదగు యమమునందు అయిదు విషయములు కలవు: అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము. ఇవి యన్నియు ఇరుగుపొరుగువారితోను, ఇంటివారితోను మన నడవడికి సంబంధించినవి. ఏకాంతమున కన్నులు మూసికొనుటకు ముందు, నలుగురిలో కన్నులు తెఱచికొని ఎట్లు నడువవలెనో నేర్చుకొమ్మని దీని భావము. వీనిలో అస్తేయమనగా దొంగిలింపకుండుట. ధనమును, ధాన్యమును దొంగిలించినవానిని లోకము పట్టుకొనును. ఒకరి విశ్రాంతిని, ఒకరి తీరికను తీసికొన్నవానిని పట్టుకొను చట్టము లేదు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనికి మరల రావలసి యున్నది.

ఇప్పుడు మన ప్రాంతపు దినచర్యను పరిశీలింతము. హోసూరు, బాగలూరు, బేరికె, శూలగిరి, డెంకణికోట, వేపనపల్లి ప్రాంతములందలి తెలుగు కుటుంబములు పెక్కు తరములుగ సేద్యమును నమ్ముకొని యుండినవి. మొరసునాడని పెద్దలు పిలిచిన నేల యిది. ఆ జీవితమునకు ఉదయసాయంకాలములే గడియారము. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టుట, సూర్యునికి నమస్కరించుట, తులసికోటయొద్ద నిలుచుట, దీపము పెట్టుట, రాత్రి భజన. వీనిని ఎవరును ధ్యానమని పిలువలేదు. ఐనను దినమునకు నాలుగైదుమార్లు చేయుచున్న పని నిలిపి, ఒక్క నిమిషము మనస్సును ఒకచోట నుంచు నేర్పాటు అందు కలదు. ముగ్గుచుక్కలు తప్పకుండ పెట్టు చేతికి మనస్సు తోడుండక తప్పదు. కృష్ణగిరియందలి మన ముస్లిము సోదరులకు దినమునకు అయిదువేళల నమాజు కలదు. క్రైస్తవ సోదరులకు ఉదయ సాయంకాల ప్రార్థన కలదు. దినమును పొడుగాటి యొకే వస్త్రముగ వదలక, నడుమ నడుమ ముడులు వేయవలెనని అన్ని మతములవారికిని తోచినది.

1970ల దశకమున హోసూరునకు సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చినది. 1980ల దశకమునుండి లారీలు, మోటారు బండ్లు, చేతిగడియారములు తయారుచేయు పెద్ద కర్మాగారములు పనిచేయుచున్నవి. చిన్న కర్మాగారములకు లెక్క లేదు. సేద్యగాండ్ర కుమారులు షిఫ్టు పనివారైరి. మనుమలు, మనుమరాండ్రు బెంగుళూరునకు పోయివచ్చు ఉద్యోగులైరి. దూరము నలువది కిలోమీటర్లే యైనను, బండ్ల రద్దీవలన రాకపోకలకే గంటలు గడచిపోవుచున్నవి. ఇంటిలో ఒకరు తెల్లవాఱకమునుపే బయలుదేఱుదురు, ఒకరు మధ్యాహ్నము, ఒకరు రాత్రి. అందఱు కలిసి భుజించు పూట వారమున కొకటి దొరకుట కష్టము. లోకమునకు చేతిగడియారములు చేసి పంపు ఊరిలో పది నిమిషముల కాలము దొరకకపోవుట వింతయే!

ఇట్టివారికి బ్రాహ్మీముహూర్తమున లేచి ధ్యానము చేయుమని యుపదేశించిన ఏమి ప్రయోజనము? రాత్రి షిఫ్టు ముగించి సూర్యోదయమునకు ఇల్లు చేరువానికి అది నిద్రపోవు వేళ. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, బొత్తిగా నిద్రింపనివానికిని యోగము సిద్ధింపదని గీత ఆఱవ యధ్యాయముననే యున్నది. నిద్ర మానుకొని చేయు ధ్యానము శాస్త్రసమ్మతము కాదని దీనివలన తెలియుచున్నది. బ్రాహ్మీముహూర్తపు మహిమ ప్రశాంతతయందున్నది. కాబట్టి ఎవరికి వారు నిద్ర లేచిన మొదటి పది నిమిషములే వారి బ్రాహ్మీముహూర్తమని యెంచుకొనవచ్చును. సాయంకాలము నాలుగు గంటలకు లేచినవానికి సాయంకాలము నాలుగు గంటలే ప్రాతఃకాలము.

క్రొత్త పనికి క్రొత్త వేళను వెదకుట కంటె, ఇదివఱకే తప్పక జరుగుచున్న పనికి దానిని ముడివేయుట మేలు. స్నానము చేయని దినము లేదు. స్నానానంతరము పది నిమిషములు కూర్చుండుట ఒక పద్ధతి. దీపము పెట్టని సాయంకాలము లేదు. పెట్టిన దీపమును రెండు నిమిషములు చూచుచు నిలుచుట ఒక పద్ధతి. కంపెనీ బస్సు ఎక్కిన పిమ్మట మొదటి అయిదు నిమిషములు ఫోను తీయక, ఉచ్ఛ్వాసనిశ్వాసములను ఒకటినుండి పదివఱకు లెక్కించి, లెక్క తప్పిన మరల ఒకటినుండి మొదలిడుట మఱియొక పద్ధతి. చంద్రచూడేశ్వరస్వామి కొండ మెట్లెక్కువారు మాటలు మాని, అడుగడుగును గమనించుచు ఎక్కినచో దర్శనమునకు ముందే సగము దర్శనమైనట్లే. మొదట కొలది సమయము చాలును. ఒక దినము గంట కూర్చుండి, నాలుగు దినములు మానినవాని కంటె, ప్రతిదినము పది నిమిషములు కూర్చుండినవాడు ముందు పోవును. పోస్టాఫీసులో నెలనెల చిన్న మొత్తము కట్టినవారికి ఈ లెక్క చక్కగ తెలియును.

ఇంతవఱకు చెప్పినది మొదటి ప్రశ్నకు సమాధానము. ఇక రెండవ ప్రశ్న.

మన యిండ్లలో తఱచుగ కనబడు దృశ్యము నొకదానిని తలచుకొందము. ఇంటి పెద్ద పూజగదిలో తలుపు దగ్గఱకు వేసికొని ధ్యానమున కూర్చుండెను. వంటింటిలో కోడలు ఒక చేత పాలు దించుచు, ఒక చేత బిడ్డకు బడిసంచి సర్దుచున్నది. కుమారుడు చొక్కా కనబడలేదని కేకవేయబోయెను. "మెల్లగా! మామగారు ధ్యానంలో ఉన్నారు" అని ఆమె వేలు పెదవిమీద నుంచినది. ఆటలాడుచున్న పిల్లవానిని కూర్చుండబెట్టినది. కుక్కరు కూత వేయునేమోనని పొయ్యి తగ్గించినది. పెద్దాయన గంటసేపు ప్రశాంతముగ నుండి వెలుపలికి వచ్చి, కాఫీ చల్లారినదని విసుగుకొనెను.

ఆ గంటసేపటి ప్రశాంతత ఎక్కడనుండి వచ్చినది? కొంత ఆయన సాధనవలన వచ్చినది కావచ్చును. అధికభాగము ఆ కోడలి పరుగులనుండి వచ్చినది. ఆమె యిచ్చినది, ఆయన పుచ్చుకొనెను. పుచ్చుకొన్నట్లు ఆయనకు తెలియనే తెలియదు. జమాఖర్చుల పుస్తకము వ్రాసినవారెవరైనను ఒక సంగతి యెఱుగుదురు. ఒకచోట జమ పడిన మొత్తము మఱియొకచోట ఖర్చు పడియే తీరవలెను. గాలిలోనుండి జమ రాదు. ధ్యానపు పద్దులో జమ మాత్రమే చూచుకొని, ఖర్చు ఎవరి పేర వ్రాయబడినదో చూడనిచో ఆ లెక్క సరిపడదు. ఇతరుల తీరికను వారి కెఱుకపఱుపక తీసికొనుట అస్తేయమునకు భంగము. మొదటి మెట్టు విఱుగగొట్టుకొని ఏడవ మెట్టెక్కుట యెట్లు?

ఈ ప్రశ్న నేటిది కాదు. మహాభారతము అరణ్యపర్వమున కౌశికుడను బ్రాహ్మణుని కథ కలదు. చెట్టుక్రింద వేదము వల్లించుచున్న అతనిపై ఒక కొంగ రెట్టవేసెను. అతడు కోపముతో చూచినంతనే అది చచ్చిపడెను. పిమ్మట అతడు భిక్షకు పోగా, ఒక గృహిణి నిలువుమని చెప్పి, ఆకలితో నింటికి వచ్చిన భర్తకు వడ్డించి, ఆ తరువాతనే భిక్ష తెచ్చెను. కౌశికుడు కోపగించెను. తాను కొంగను కానని ఆమె శాంతముగ చెప్పి, ధర్మమును తెలిసికొనుటకు మిథిలలోని ధర్మవ్యాధుని యొద్దకు పొమ్మనెను. ధర్మవ్యాధుడు మాంసము విక్రయించి బ్రతుకువాడు. అతడు తన వృద్ధులగు తల్లిదండ్రులకు చేయుచున్న శుశ్రూషను చూపి, అదియే తన తపస్సని తెలిపెను. కథ యింతటితో ముగియదు. తల్లిదండ్రుల యనుమతి లేకయే వారిని విడిచివచ్చిన సంగతిని కౌశికునికి జ్ఞాపకము చేసి, పోయి వారిని సేవింపుమని ధర్మవ్యాధుడు పంపివేయును. తపస్సు చేయుటను ఇతిహాసకర్త నిందింపలేదు. ఎవరినో దుఃఖమున నుంచి, ఆ దుఃఖమును చూడకుండుటకు చెట్టుక్రిందికి పోయినచో, అట్టి తపస్సు కొంగను చంపు శక్తి నిచ్చునేగాని కోపమును జయించు శక్తి నీయదని చూపెను. తపస్సు చేసినవానికి లేని శాంతి వడ్డించుచున్న యామెకు కలదు.

పురాణకాలపు మాట యేల, మన జిల్లా యెల్ల దాటినంతనే కనబడు నిదర్శనము కలదు. కృష్ణగిరినుండి ఊత్తంగరై, చెంగం మీదుగ సుమారు నూఱు కిలోమీటర్లు పోయిన తిరువణ్ణామలై చేరుదుము. 1896లో అచ్చటికి వచ్చి, 1950లో దేహము చాలించువఱకు ఆ యరుణాచలమును విడువని రమణమహర్షి, మౌనమునకు ప్రసిద్ధులు. వారు చాల యేండ్లు తెల్లవాఱకమునుపే ఆశ్రమపు వంటయింటిలో కూరలు తఱుగుచు, వంటపనిలో పాలుపంచుకొనుచు నుండిరి. ఏ వస్తువును వ్యర్థము కానిచ్చువారు కారు. భోజనపంక్తిలో తమకు ఎక్కువ వడ్డించినచో ఒప్పుకొనెడివారు కారు. సంసారమును విడిచి వచ్చెదమని యడిగిన గృహస్థులకు సాధారణముగ వారు ఇల్లు విడువుమని చెప్పలేదు. ఉన్నచోటనే విచారణ చేయుమని చెప్పిరి. జన్మచేత తమిళులైనను, ఉపదేశసారమును తెలుగునకూడ తామే రచించిరి.

వారి దినచర్యను మనకు తెలుగున అందించినది ఒక స్త్రీ. ఆమె సూరి నాగమ్మగారు. బాల్యముననే వైధవ్యము ననుభవించిన యామె 1941లో తిరువణ్ణామలై చేరి, ఆశ్రమమునకు సమీపమున నివసించెను. 1945 నవంబరునుండి తన యన్నగారికి వ్రాసిన జాబులే "శ్రీ రమణాశ్రమ లేఖలు" అను గ్రంథమైనవి. ఆ లేఖలలో గంభీరమగు వేదాంతచర్చ కలదు. దానితోపాటు గోవు లక్ష్మి, కోతులు, ఉడుతలు, వంటయిల్లు, వచ్చిపోవువారి కష్టసుఖములు కలవు. చూచినదానిని చూచినట్లు, విన్నదానిని విన్నట్లు, తొందరపడక ఇంటివారికి తెలియజేయుట ఎంతటి యేకాగ్రతతో కూడిన పనియో జాబులు వ్రాయు నలవాటున్నవారు ఊహింపగలరు. ఆమెకు కలము పట్టుటయు, కన్నులు మూసికొని కూర్చుండుటయు వేఱువేఱు పనులుగ నుండలేదని ఆ గ్రంథము చదివిన తోచును.

ఇచ్చట ఒక యపార్థమునకు తావీయరాదు. "పనియే ధ్యానము" అను మాట వినుటకు మధురముగ నుండును. ఈ మాటను ఎవరు ఎవరితో చెప్పుచున్నారో చూడవలెను. తీరికగల పురుషుడు తన భార్యతో, "నాకు పూజగది, నీకు వంటయిల్లే ధ్యానమందిరము" అని చెప్పినచో, అది వేదాంతము కాదు. పని తప్పించుకొను నుపాయము. మహాభారతమున పని యొక్క గొప్పతనము బోధింపబడినది పనిచేయుచున్న యామెకు కాదు, కూర్చుండి తపస్సు చేసిన కౌశికునికి. రమణమహర్షి వంటయిల్లు ఇతరులకు వదలక, తామే పోయి కత్తిపీట పట్టిరి. కాబట్టి ఈ మాట కూర్చుండువాడు తనకు తాను చెప్పుకొనవలసినది. పనిచేయువారికి చెప్పవలసిన మాట వేఱు: "నీవు కొంతసేపు కూర్చుండుము, ఆ పని నేను చూచెదను." ఈ ఒక్క వాక్యము నోట వచ్చిన దినమున ఆ యింటిలో ధ్యానము ప్రవేశించినదని చెప్పవచ్చును.

దీనిని ఆచరణలో పెట్టుట యసాధ్యము కాదు. ఉద్యోగవిరమణ పొందిన తాతగారు ఉదయము పది నిమిషములు కూర్చుండి లేచిన వెనుక, మనుమనిని బడి బస్సునకు సిద్ధముచేయు పని తీసికొనవచ్చును. ఆ పది నిమిషములు కోడలివి. రాత్రి షిఫ్టునుండి వచ్చిన కుమారుడు నిద్రించునపుడు ఇల్లు ఎట్లు నిశ్శబ్దముగ నుండునో, ఇంటి ఇల్లాలు కూర్చుండునపుడును అట్లే యుండవలెను. ఆమె యిష్టదైవమును తలచుకొన్నను, ఊరక కిటికీ ప్రక్క కూర్చున్నను, ఆ కాలము ఆమెది. అది యెట్లు గడిపితివని లెక్క యడుగరాదు. సాయంకాలము దీపము పెట్టినపుడు ఇంటనున్నవారందఱును అయిదు నిమిషములు కలిసి కూర్చుండుట మఱియొక మంచి యేర్పాటు. ఆ యయిదు నిమిషములు ఫోనులను ఒక పళ్లెములో నుంచినచో చాలును.

ఆ సమయమున ఏమి చేయవలెనని పిల్లలు అడుగుదురు. ఊరక కన్నులు మూసికొనుమన్నచో వారికి విసుగు పుట్టును. పెద్దలకు కంఠస్థమైన ఒక పోతన పద్యమును నెమ్మదిగ చెప్పి, పిల్లలచేత చెప్పించి, పిమ్మట ఒక నిమిషము మౌనముగ నుండుట మంచిది. 1956లో భాషాప్రాతిపదికమీద రాష్ట్రములు ఏర్పడినపుడు మన కుటుంబములు ఉన్న నేలను విడువక ఇచ్చటనే నిలిచినవి. 2006నాటి చట్టము పిమ్మట బడులలో మొదటి తరగతినుండి క్రమముగ తమిళము తప్పనిసరి యైనది. బిడ్డలు బడిలో తమిళము, ఉద్యోగమునకు ఇంగ్లీషు, సంతలో కన్నడము నేర్చుకొనుచున్నారు. అన్నియు కావలసినవే, ఏ భాషయు మనకు పరాయిది కాదు. ఐనను భయము కలిగినపుడును, దుఃఖము కలిగినపుడును మనస్సు తనలో తాను ఏ భాషలో మాటాడుకొనునో, ఆ భాషలోనే దానిని ఊరడించుట సులభము. అవ్వ నోట పద్యము విన్న బిడ్డకు, ఇరువది యేండ్ల తరువాత కర్మాగారపు యంత్రముల చప్పుడులో, ఆ పద్యమే శరణ్యము కావచ్చును. సంఘములు సభలు జరిపి భాషను నిలుపుచున్నవి. ఇంటిలో దీపము నొద్ద గడచు అయిదు నిమిషములును ఆ పనినే చేయుచున్నవి.

ఇంటి తరువాత కచేరి. గుమాస్తాపనికిని ధ్యానమునకును సంబంధమేమని నవ్వువా రుందురు. రిజిస్టరులో నిలువు వరుస కూడునపుడు మనస్సు ఒక్క క్షణము తప్పినచో మొత్తము తప్పును. మరల పైనుండి మొదలిడవలెను. పోయిన మనస్సును విసుగులేక తెచ్చి మొదటి యంకెవద్ద నిలుపుట ముప్పదియేండ్లు చేసినవానికి ధ్యానపు మొదటి పాఠము వచ్చినట్లే. రెండవ పాఠము కిటికీయొద్ద కలదు. అర్జీ పట్టుకొని దూరపు పల్లెనుండి వచ్చిన వృద్ధురాలు నిలిచియున్నది. ఆమె వైపు తలయెత్తి చూచి, చెప్పుచున్నదానిని చివరివఱకు వినుటకు రెండు నిమిషములు చాలును. ఇంటియొద్ద గంటసేపు శ్వాసను గమనించి వచ్చినవాడు ఈ రెండు నిమిషములు ఆమెను గమనింపలేనిచో, ఆ గంటసేపు అతడు గమనించిన దేమి? ఇతరుల సుఖదుఃఖములను తన సుఖదుఃఖములతో సమానముగ చూచువాడే శ్రేష్ఠుడగు యోగి యని, ధ్యానమునకు ఆసనము నెట్లు వేయవలెనో చెప్పిన యా గీతాధ్యాయమే చెప్పుచున్నది. ఆసనపు శ్లోకము జ్ఞాపకమున్నవారు దీనినికూడ జ్ఞాపకముంచుకొనవలెను.

మనవలెనే తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టిన త్యాగరాజస్వామి (1767–1847) ధ్యానమునుగూర్చి ధన్యాసి రాగమున ఒక కృతి రచించిరి. ధ్యానమే గంగాస్నానమనియు, నీట ఎన్నిమార్లు మునిగినను లోపలి వంచనయు ద్రోహమును పోవనియు దాని భావము. స్నానమునుగూర్చి వారన్న మాట ధ్యానమునకును వర్తించును. కన్నులు ఎన్నిమార్లు మూసికొన్నను, తెఱచినపుడు ఎదుటివానిని వంచించువానికి లోపలి మకిలి పోలేదనియే చెప్పవలెను.

ధ్యానమువలన దేహమునకు మేలు కలుగునని నేటి వైద్యులును గుర్తించినారు. అమెరికాలో హార్వర్డు వైద్యుడగు హెర్బర్టు బెన్సన్, ధ్యానము చేయువారి శ్వాసవేగమును గుండెవేగమును తగ్గుటను పరిశీలించి, 1975లో ఒక గ్రంథము ప్రకటించెను. 1979లో మసాచుసెట్సు విశ్వవిద్యాలయమున జాన్ కబాట్-జిన్, దీర్ఘకాలపు నొప్పితో బాధపడు రోగులకు ధ్యానమును నేర్పు శిక్షణను ఆరంభించెను. ఇవి మంచి విషయములు. ఐనను ధ్యానము మందునకు బదులు కాదు. రక్తపుపోటునకు మాత్ర మ్రింగువారు ధ్యానము మొదలిడితిమని మాత్ర మానరాదు. తీవ్రమైన మనోవ్యాధితో నలుగుచున్న బిడ్డను వైద్యుని యొద్దకు కొనిపోక, కన్నులు మూసికొని కూర్చుండుమనుట క్రూరత్వము. ఆకలిగొన్నవానికి అన్నము, జబ్బుపడినవానికి వైద్యము, అలసినవానికి నిద్ర. ధ్యానము వీనితో పోటీపడదు.

తుదకు ఒక్క మాట. ధ్యానమున తాము ముందుకు పోవుచున్నామా లేదాయని చాలమంది చింతింతురు. వెలుగు కనబడినదా, శబ్దము వినబడినదాయని ఒకరినొకరు అడుగుకొందురు. గృహస్థునకు ఇంతకంటె నమ్మదగిన కొలత ఇంటిలోనే కలదు. ఆఱు నెలలు ధ్యానము చేసిన పిమ్మట ఆయనను అడుగవలదు. ఆయన భార్యను, కోడలిని, మనుమనిని, ఇంటిపనికి వచ్చు మనిషిని అడుగుడు. ఆయన కోపము తగ్గినదా? చెప్పినది వినుచున్నాడా? తాను తినిన పళ్లెము తాను తీయుచున్నాడా? తమకును కొంత తీరిక మిగులుచున్నదా? వారు "అవును" అన్నచో ఆ ధ్యానము సఫలము. వారు మౌనముగ నుండినచో, మరల యమమునుండి, మొదటి మెట్టునుండి మొదలిడవలెను. లెక్క తప్పిన వరుసను పైనుండి కూడుట మనకు తెలియని పని కాదు. ప్రతి తెలుగింటను ఈ సాధన దీపమువలె చిన్నదిగ మొదలై, ఇంటిలో నున్న అందఱికిని వెలుగు నిచ్చుగాక!

స్వస్తి.